బీల గట్టు మీద లచ్చన్న ఊసు

మన జిల్లాలో సర్దార్ గౌతు లచ్చన్న బొమ్మ లేని సెంటరు వెతుక్కోవాలి. ఆగస్టు 16 వస్తే అన్ని పార్టీలోళ్ళూ దండలు పట్టుకుని వరసలో నిలబడతారు. ఫొటోలు తీసుకుంటారు, మధ్యాహ్నానికల్లా ఎళ్ళిపోతారు. సాయంత్రానికి ఆ దండలు మేకలు తింటాయి. మీలో చాలామంది చేతిలో ఫోను పట్టేటప్పటికే ఆయన పోయి ఏళ్ళయింది. మీకు ఆయన ఒక బొమ్మ, ఒక కాలేజీ గోడ మీద పేరు, గొట్టా దగ్గర వంశధార ప్రాజెక్టు బోర్డు మీద పేరు. అంతే.

మొన్న మందస అవతల ఒక పల్లిలో కొబ్బరితోటలో కూకుని మాటాడుకుంటున్నాం. విమానాశ్రయం కోసం భూములు తీసుకుంటారన్న ఊసు వచ్చిన ఊరది. డిగ్రీ చదువుతున్న గుంటడు ఒకడు నన్ను అడ్డంగా అడిగేసినాడు. బొమ్మలు పెట్టుకున్న ఈ తాతలు అసలేటి చేసినారు, వాళ్ళ కాలంలో తెల్లోడు కనబడేవాడు కాబట్టి పోరాడినారు, ఇప్పుడు కంపెనీ అంటే ఎక్కడో ముంబైలోనో సింగపూర్‌లోనో ఉంటాది, దాని మొహం కూడా మనకి తెల్దు, దాంతో ఎలా కొట్లాడతాం అని. తప్పు ప్రశ్న కాదది. నాకు అక్కడికక్కడ నోట మాట రాలేదు. ఇంటికొచ్చి రాస్తున్నాను.

ముందు ఒక మాట సరిచేయాలి. మొహం తెలియని కంపెనీతో కొట్లాడ్డం ఈ గడ్డకి కొత్త కాదు. మన ప్రాంతాన్ని మొట్టమొదట ఏలిన తెల్లోడు రాజు కాదు, కంపెనీ. లండన్‌లో షేర్లు కొనుక్కున్న షాహుకార్లకి ఏడాదికోసారి లాభం పంచిపెట్టే ఈస్టిండియా కంపెనీ. 1766లో నిజాం దగ్గర్నుంచి ఉత్తర సర్కార్లు ఆ కంపెనీ చేతిలోకి పోయినాయి. మన ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అందులోవే. బహుదా ఒడ్డున దుక్కి దున్నే రైతుకి లండన్‌లో తన కష్టాన్ని పంచుకుంటున్నోడి మొహం తెలుసేటి? తెల్దు. 1802లో మద్రాసులో కంపెనీ శాశ్వత బందోబస్తు చట్టం పెట్టింది. అప్పటికే ఇక్కడున్న చిన్నా పెద్దా రాజులకి సనదులిచ్చి, మా కిస్తీ మాకు కట్టండి, రైతు దగ్గర ఎంత పిండుకుంటారో మీ ఇష్టం అన్న ఏర్పాటది. ఇప్పటి భాషలో చెప్పాలంటే వసూళ్ళు కాంట్రాక్టుకిచ్చేసింది. 1858లో కంపెనీ పోయి రాణి వచ్చినా ఆ కాంట్రాక్టు పోలేదు. కొండ, అడివి, చెరువు, గెడ్డ, చివరికి తాటిచెట్టు దాకా దాని లెక్కలోనే ఉండేవి.

ఆ లెక్కల మధ్యలో 1909 ఆగస్టు 16న బారువలో పుట్టినాడు లచ్చన్న. నాన్న చిట్టయ్య, అమ్మ రాజమ్మ. చెట్టెక్కి కల్లు గీసి బతికే కులం. అప్పటికి మన ఊళ్ళు గంజాం జిల్లా. బారువ ఒకప్పుడు ఓడలు ఆగే రేవు. మహేంద్రతనయ అక్కడే సంద్రంలో కలుస్తాది. ఒక పక్క సంద్రం, ఒక పక్క కొబ్బరి తోటలు, వెనకాల బీల. ఆ బీలని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం దాని దగ్గరికి.

గీత కులంలో పుట్టిన గుంటడు బళ్ళోకి పోవడమే అప్పట్లో గొప్ప. లచ్చన్న చదువు హైస్కూలు దాకా ఎళ్ళింది. అక్కడ ఉండగానే 1930 వచ్చింది, గాంధీ దండికి నడిచినాడు, లచ్చన్న పుస్తకాలు వొగ్గేసినాడు.

ఉప్పు సంగతి మీకు బళ్ళో ఒక పేరాలో చెప్పి వదిలేస్తారు. మన తీరం వాళ్ళకి అది పేరా కాదు. నౌపడలో ఉప్పు మళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, రైల్లోంచి చూసే ఉంటారు, ఎండలో తెల్లగా మెరుస్తాయి. సంద్రం మనది, ఎండ మనది, కాళ్ళు పగిలేలా మడిలో నిలబడే ఒళ్ళు మనది, ఉప్పు మాత్రం సర్కారుది. అనుమతి లేకుండా ఒక చేరెడు వండుకున్నా నేరం. కంపెనీ కాలంలో మొదలైన గుత్త వ్యాపారం అది, సర్కారు దాన్ని అలాగే అందిపుచ్చుకుంది. పేదోడు గంజిలో వేసుకునే ఉప్పు మీద కూడా పన్ను. లచ్చన్నా ఆయన ఈడు కుర్రాళ్ళూ సంద్రం నీళ్ళు తెచ్చి కాచినారు, ఉప్పు తీసినారు. పోలీసులు పట్టుకెళ్ళినారు. ఇరవై ఏళ్ళకి జైలు చూసినాడు. ఒక్కసారితో అయిపోలేదు. 1932 శాసనోల్లంఘనం, తర్వాత క్విట్ ఇండియా, ప్రతిదానికీ లోపలికే. మన పెద్దోళ్ళు కొందరు జైలుని అత్తారిల్లు అని నవ్వేవారు, ఆ నవ్వులో ఎంత దుఃఖం ఉందో నాకు చిన్నప్పుడు తెలియలేదు.

ఇక్కడొక విషయం చూడండి. స్వరాజ్యం కోసం జైలుకెళ్ళినోళ్ళు దేశంలో లక్షల మంది. వాళ్ళలో చాలామందికి తెల్లోడు పోతే చాలు. లచ్చన్నకి అలా కాదు. తెల్లోడు పోయినా మందస రాజు, టెక్కలి జమీందారు ఇక్కడే ఉంటారు కదేటి? కిస్తీ కట్టలేని రైతు ఎడ్లని తోలుకుపోయేది తెల్లోడు కాదు, ఠాణేదారూ అమీనూ. అందుకే ఆయన కాంగ్రెస్‌లో ఉంటూనే రైతు సంఘం పట్టుకున్నాడు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు నుంచి ఆచార్య ఎన్.జి. రంగా అప్పుడు ఆంధ్రా అంతా తిరిగి రైతుల్ని కూడగడుతున్నాడు. లచ్చన్నకి రంగా గురువయ్యాడు. చివరిదాకా గురువే. ఆ గురుభక్తి మీద నాకు కొన్ని పేచీలున్నాయి, తర్వాత చెబుతాను.

1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది. రాజాజీ ముఖ్యమంత్రి, ప్రకాశం రెవెన్యూ మంత్రి. ఓట్లేసిన రైతులు మా సంగతేటి అని అడగడం మొదలెట్టినారు. ఆ ఏడాది చివర్లో ఒక యాత్ర బయల్దేరింది. మీరు గూగుల్లో ఎన్ని లాంగ్ మార్చ్‌లు చూసినా ఇది చూసి ఉండరు, ఎందుకంటే మన గురించి మనమే రాసుకోం. ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం వాళ్ళు ఇచ్ఛాపురంలో బయల్దేరి మద్రాసు దాకా నడిచినారు. 1500 మైళ్ళు. 130 రోజులు. తొమ్మిది జిల్లాలు. రెండు వేల మందికి పైగా రైతులు అందులో కాలు కదిపినారు. దారి పొడుగునా వందల మీటింగులు. ఏ ఊరు ఎళ్ళినా ఆ ఊరి కష్టం ఆ ఊరోళ్ళ చేతనే కాగితం మీద పెట్టించినారు. అలా పోగైన అర్జీలు 1100 దాటినాయి. 1938 మార్చి 27న ఆ మూట మద్రాసు శాసనసభ ముందు పెట్టినారు.

ఇచ్ఛాపురంలో ఉండే తమ్ముళ్ళూ, మీ బస్టాండులో ఎక్కడైనా దీని గురించి ఒక రాయి ఉందేమో చూసి చెప్పండి. నాకైతే కనబడలేదు.

ఆ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చేది నడక కాదు, అర్జీలు. జమీందారు కాగితంతో ఏలినాడు. సనదు కాగితం, పట్టా కాగితం, బకాయి కాగితం. చదువురాని రైతుకి కాగితం అంటే భయం, ఇప్పటికీ మా అమ్మ రెవెన్యూ కవరు చూస్తే చేతులు తుడుచుకుని గానీ ముట్టుకోదు. ఆ భయాన్ని ఈ యాత్ర తిరగేసింది. మనమూ కాగితం రాయగలం, అదీ 1100 రాయగలం అని చూపించింది. ప్రకాశం అధ్యక్షతన జమీందారీల మీద కమిటీ కూర్చుంది, జమీందారు కాదు రైతే భూమికి హక్కుదారని తేల్చింది. ఆ తర్వాత యుద్ధం వచ్చి మంత్రివర్గం దిగిపోయి ఫైలు అటకెక్కిందనుకోండి. అయినా అర్జీలు పెట్టినోళ్ళు ఇళ్ళకి పోయి ఊరుకోలేదు.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. అవును, మన పలాసలోనే. ఇవాళ జీడిపప్పు తప్ప ఇంకేటీ గుర్తురాని పలాసలో. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు మన చిన్న స్టేషన్లో దిగినారు. దాన్ని నిలబెట్టడంలో తిరిగిన చుట్టుపక్కల కార్యకర్తల్లో లచ్చన్న ముందు వరసలో ఉన్నాడు. అంత మంది జనానికి బియ్యం, కట్టెలు, నీళ్ళు, పడక ఏర్పాటు చేయడం అంటే ఏటో మీటింగులు పెట్టినోళ్ళకే తెలుస్తాది. స్టేజీ మీద మాటాడినోడి పేరు మిగుల్తాది, గంజి కాచినోళ్ళ పేరు పోతాది.

ఆ సభ వేడి చల్లారక ముందే మందస జమీందారీలో అడివి గొడవ ముదిరింది. కొండ మీద కర్ర కొట్టుకోవడం, ఆకు కోసుకోవడం, పశువుల్ని మేపుకోవడం, తాతల నాటి హక్కులివన్నీ. జమీందారు కాదన్నాడు. కర్ర లేకపోతే నాగలి లేదు, ఇల్లు లేదు, పొయ్యిలో మంట లేదు. రైతులు అందరూ కలిసే అడివికి పోయినారు. 1940 ఏప్రిల్ 1న పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చినారు. ఆడోళ్ళు అడ్డం నిలబడినారు. కాల్పులు జరిగినాయి. సాసుమాన గున్నమ్మ నేలకొరిగింది. నిండు గర్భిణి. ఇంకొందరు రైతులూ ఆమెతో పాటు పోయినారు.

వీరగున్నమ్మ బొమ్మ మీరు చూసే ఉంటారు. ఆమె జీవితం మొత్తం మనకి ఒక్క రోజుగానే తెలుసు. ఆమె ఏటి తినేది, ఎవరితో నవ్వేది, పుట్టబోయే బిడ్డకి ఏం పేరు అనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు. లచ్చన్న గురించి పేజీలు రాయగలుగుతున్నాను, గున్నమ్మ గురించి నాలుగు వాక్యాలు. ఇది కూడా అన్యాయమే, కానీ నా దగ్గర మందు లేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడాదికి, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. కంపెనీ 1802లో పెట్టిన కాంట్రాక్టు 146 ఏళ్ళకి చట్టప్రకారం తెగింది. లెక్కేసుకోండి, ఎన్ని తరాలో. ఇచ్ఛాపురంలో యాత్ర మొదలైనప్పుడు ఇది పదకొండేళ్ళలో అవుతాదని ఎవరైనా అంటే నవ్వుండేవారు.

అయితే తెగింది కిస్తీ కాంట్రాక్టే. ఇంకో తాడు లచ్చన్న సొంత ఇంటివాళ్ళ మెడకి పడింది. మద్రాసు రాష్ట్రం అంతా మద్య నిషేధం పెట్టినారు. మంచి ఉద్దేశమే, ఆడోళ్ళ కన్నీళ్ళు నేనూ చూసినాను, కల్లు గురించి కవిత్వం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. కానీ ఒక్క సంతకంతో లక్షల మంది గీత కార్మికుల మోకు, కత్తి మూల పడినాయి. వాళ్ళకి వేరే పని ఎవరూ చూపించలేదు. ఊరి కల్లు ఆగింది గానీ, దొంగ సారా ఆగలేదు. పట్టుబడేది చెట్టెక్కేవాడు, సంపాదించేది ఇంకెవడో.

1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. అప్పటికి లచ్చన్న గురువు రంగాతో పాటు కాంగ్రెస్ వొగ్గేసి కృషికార్ లోక్ పార్టీలో ఉన్నాడు. నిషేధం పని చేయలేదని రామమూర్తి కమిటీ రిపోర్టు ఇచ్చింది. సర్కారు దాన్ని అమలు చేయలేదు. అప్పుడు గీత కార్మికుల సత్యాగ్రహం నడిపినాడు లచ్చన్న. మోకులు భుజాన వేసుకుని జనం జైళ్ళకి నడిచినారు. 1954 నవంబరులో అసెంబ్లీలో అవిశ్వాసం పెట్టినారు. ఆంధ్రకేసరి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది.

దీన్ని రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. మహానుభావుడు ప్రకాశాన్ని కల్లు కోసం దించేసినారని ఏడ్చినోళ్ళు చాలామంది ఉన్నారు, కృష్ణా జిల్లా వాళ్ళు ఇప్పటికీ కొందరు ఏడుస్తారు. ఇంకో రకంగా చూస్తే, దేశంలో రాజకీయం మాట్లాడే అర్హత లేదనుకున్న చెట్టెక్కే కులం ఒక సర్కారుని కదిపింది. నేను రెండోదాన్నే పట్టుకుంటాను. పంతులు గారి మీద గౌరవం ఉంచుకునే పట్టుకుంటాను.

ఇక నా పేచీ. 1959లో రాజాజీ, రంగా కలిసి స్వతంత్ర పార్టీ పెట్టినారు. లచ్చన్న గురువు వెంట ఎళ్ళినాడు. నాగపూర్‌లో కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది, రైతు భూమి సర్కారు కలిపేస్తాదని వీళ్ళ భయం. ఆ భయం రైతుది, ఒప్పుకుంటాను. కానీ ఆ పార్టీలో ఇంకెవరున్నారు? మాజీ రాజులు, మాజీ జమీందారులు, బొంబాయి పెద్ద వ్యాపారస్తుల దన్ను. వ్యాపారానికి సర్కారు అడ్డం రాకూడదన్నది వాళ్ళ మూల సూత్రం. మందస రాజుతో కొట్లాడినోడు రాజుల పక్కన కూకున్నాడు. నిషేధం పెట్టిన రాజాజీ, నిషేధం మీద సర్కారు కూల్చిన లచ్చన్న ఒకే జెండా కింద! రాజకీయం అంటే ఇదే అని కొట్టిపారేయను, నాకు అది గుచ్చుకుంటాది. ఈ రోజు బీలలోకీ తంపరలోకీ కంపెనీలు దిగినప్పుడు వాళ్ళు చెప్పే వాదన, ఆ రోజు స్వతంత్ర పార్టీ చెప్పిన వాదనకి మనవడే.

మరైతే ఆయన్ని ఎందుకు పట్టుకు వేళ్ళాడుతున్నావు అంటారేమో. జెండాలు మారినా ఊరు మారలేదు కాబట్టి. సోంపేట నుంచి మళ్ళీ మళ్ళీ అసెంబ్లీకి ఎళ్ళినాడు. మంత్రిగా చేసినాడు, ప్రతిపక్ష నాయకుడిగా చేసినాడు. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ సీటు గెలిచి దాన్ని గురువు రంగా కోసం వదిలేసినాడు. ఇప్పుడు వార్డు మెంబరు పదవి వదులుకునేవాడిని చూపించండి. 1975లో ఎమర్జెన్సీ వస్తే 66 ఏళ్ళ వయసులో మళ్ళీ జైలుకెళ్ళినాడు. తెల్లోడి జైలు, మనోడి జైలు రెండూ చూసినాడు. రెండిట్లో ఏది నయమో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. తర్వాత జనతా పార్టీ. వంశధార నీళ్ళ కోసం అరిచినాడు, వెనకబడిన కులాల కోసం అరిచినాడు. 2006 ఏప్రిల్ 19న కన్నుమూసినాడు. 96 ఏళ్ళు.

ఆయన పోయిన రెండేళ్ళకి బీల మీద కన్ను పడింది.

బీల అంటే ఏటో పట్నం వాళ్ళకి అర్థం కాదు. సంద్రానికి కాస్త ఇవతల, సోంపేట, కంచిలి, కవిటి ప్రాంతాల పక్క, వాన నీళ్ళూ గెడ్డల నీళ్ళూ వచ్చి నిలబడే పల్లపు నేల. నీళ్ళున్నన్నాళ్ళు చేపలు, గడ్డి, పిట్టలు. చుట్టూ పొలాలకి తడి. ఉద్దానం నూతుల్లో నీళ్ళు ఊరడానికి అదే ఆధారం. దాన్ని రెవెన్యూ కాగితాల్లో బంజరు అని రాసుకున్నారు. బంజరు! పన్ను రాని నేలంతా బంజరే వాళ్ళకి. నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి 2640 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు కోసం ఆ నేల ఇవ్వడానికి సర్కారు సిద్ధమైంది. లచ్చన్న పుట్టిన బారువకి కూతవేటు దూరంలో.

ఇక్కడే నాకు 1938 అర్జీల మూట గుర్తొస్తాది. సోంపేట వాళ్ళు ముందు రాళ్ళు పట్టలేదు. చదువుకున్న డాక్టర్లు, టీచర్లు, రైతులు, బెస్తోళ్ళు కలిసి పర్యావరణ పరిరక్షణ సంఘం పెట్టుకున్నారు. కంపెనీ ఇచ్చిన పర్యావరణ రిపోర్టు తెప్పించి, తెలుగు చేసుకుని, ఊళ్ళలో చదివినారు. బంజరు అన్నచోట చిత్తడి నేల ఉందని ఫొటోలు తీసినారు. పిట్టల పేర్లు రాసినారు, చేపల పేర్లు రాసినారు. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వద్దని ఎలుగెత్తి చెప్పినారు. అయినా అనుమతి వచ్చేసింది. అప్పుడు రెండు దార్లు పట్టుకున్నారు. ఒకటి సోంపేటలో రిలే నిరాహార దీక్ష, రోజుకి కొందరు. రెండోది ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీలో కేసు.

2010 జులై 14. కంపెనీ మనుషులు, పోలీసులు బీలలో దిగినారు. ఊళ్ళు ఊళ్ళు కదిలినాయి. కాల్పుల్లో ఇద్దరు రైతులు పోయినారు. ఎందరికో దెబ్బలు. 70 ఏళ్ళ కింద గున్నమ్మ పడిన చోటు అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ వెంటనే అప్పీలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. కాగితం గెలిచిందా, రక్తం గెలిచిందా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. కాగితం ముందే సిద్ధంగా లేకపోతే ఆ రక్తం ఉత్తి వార్తయ్యేదని మాత్రం చెప్పగలను. దీక్షా శిబిరం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడిచింది. గెలిచినాక కూడా కూర్చోడం, అది మామూలు ఓపిక కాదు.

ఎనిమిది నెలలు తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో ఇంకో కరెంటు కంపెనీ, ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ, అదే 2640 మెగావాట్లు. వడ్డితాండ్ర దగ్గర మళ్ళీ కాల్పులు, మళ్ళీ ప్రాణాలు. తేలినీలాపురం పిట్టలు ఎగురుకుంటూ వచ్చేది ఆ తంపర నీళ్ళ కోసమే. పిట్టలకి తెలిసిన నేల విలువ ఫైళ్ళకి తెలియలేదు.

ఇప్పుడు ఆ గుంటడి ప్రశ్నకి వస్తాను. మొహం తెలియని కంపెనీతో ఎలాగ అని.

మన జీడి పిక్కల సంగతే తీసుకోండి. ఉద్దానం రైతు 80 కిలోల బస్తా పలాస తీసుకెళ్తే రేటు ఎవడు చెబుతున్నాడు? వ్యాపారి. ఆ వ్యాపారికి ఎవడు చెబుతున్నాడు? ఆఫ్రికా నుంచి ఓడలో దిగిన పిక్కల ధర. అక్కడి రైతూ మనలాగే ఏడుస్తున్నాడు, మన మొహం అతనికి తెల్దు, అతని మొహం మనకి తెల్దు. ఇద్దరి మధ్యా ఉన్న లెక్క మాత్రం ఒకడి కంప్యూటర్‌లో ఉంటాది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి మా జీడి తోట పడిపోయినప్పుడు, పరిహారం జాబితాలో మా చెట్లు సగం ఎగిరిపోయినాయి. ఏ ఆఫీసులో ఎగిరినాయో పేరు ఎందుకు గానీ, నేను అర్జీ రాసిన కాగితాల ఖర్చు పరిహారంలో మంచి వాటాయే అయింది. నా ఒక్కడి అర్జీ పని చేయలేదు. మా వీధి 30 మందీ కలిసి ఒకే కాగితం మీద సర్వే నంబరు, చెట్ల లెక్క వరసగా రాసి ఇచ్చినాక అధికారి కుర్చీలోంచి లేచి తోటకి వచ్చినాడు. అన్నీ రాలేదు. కొన్ని వచ్చినాయి.

భూమి తీసుకోవాలంటే 2013 చట్టం ఉంది. ప్రైవేటు కంపెనీ కోసమైతే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం, సర్కారూ ప్రైవేటూ కలిసి చేసేదైతే 70 శాతం ఒప్పుకోవాలి. సర్కారు సొంతానికైతే ఆ లెక్క లేదు, అందుకే ప్రాజెక్టు ఎవరి పేరు మీద ఉందో మొదట అడగాలి. సామాజిక ప్రభావ మదింపు చేయాలి, అది మన భాషలో ఇవ్వాలి. ప్రజాభిప్రాయ సేకరణకి ముందే నోటీసు ఇవ్వాలి. చట్టంలో తూట్లు పొడిచినారు, నిజమే. అయినా తూట్లు పడిన గొడుగు కూడా వానలో పట్టుకుంటాం కదేటి, వొగ్గేస్తామా?

లచ్చన్నకి ఈ చట్టాలేవీ లేవు. ఫోను లేదు, బస్సు లేదు, ఓటు కూడా అందరికీ లేదు. ఉన్నదల్లా కాలినడక, రైతు సంఘం రసీదు పుస్తకం, తన కులంవాడు కానివాడి ఇంటి అరుగు మీద కూకుని ఊసులాడే గుణం. ఈ చివరిదే మనకి తగ్గింది. మన వాట్సాప్ గ్రూపులు కులానికొకటి, పార్టీకొకటి. కంపెనీకి మాత్రం ఒకటే గ్రూపు.

ఇదంతా రాసి నిన్న రాత్రి ఆ గుంటడికి పంపినాను. పొద్దున్నే ఫోన్ చేసినాడు. పొగడతాడేమో అనుకున్నాను, లెక్క అడిగినాడు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకి ఎన్ని రోజులు పట్టిందన్నావు మావా అన్నాడు. 130 అన్నాను. అర్జీలెన్ని అన్నాడు. 1100 పైనే అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ళ వీధిలో 42 గడపలున్నాయని, ఆదివారం వాళ్ళ అప్పని తీసుకుని సర్వే నంబర్లు రాయడానికి బయల్దేరతానని చెప్పి, తెల్ల కాగితాల కట్ట ఎంతవుతాదని అడిగినాడు.